రాజుగారు లేని రేసు

ఎల్‌బీ నగర్ చౌరస్తా నుంచి సాగర్ రోడ్డుకు తిరిగితే, టైర్ల దుకాణానికీ టీ హోటల్‌కీ నడుమ ఒక రేకుల షెడ్డు ఉండేది. దానికి బోర్డు లేదు. సీతారాములు షెడ్డు అంటే చాలు, ఆ చుట్టుపక్కల పాత మారుతి ఉన్న ప్రతివాడూ దారి చెప్పేవాడు. బండి షెడ్డు ముందు ఆగేలోపే చప్పుడు విని ఎక్కడ తేడా ఉందో చెప్పేస్తాడని అతనికి పేరు. మాట తక్కువ మనిషి. ఎంతసేపు పడుతుందని గిరాకీ అడిగితే గోడ మీది గడియారం వైపు చూసేవాడు, అంతే.

అతనిది నల్లగొండ జిల్లా, మర్రిగూడ దగ్గర ఒక పల్లె. ఫ్లోరైడ్ నిండిన ఆ ఊరి బోరు నీళ్ళు ఎముకల్ని వంచేవి. తల్లికి నలభై నిండకముందే నడుము వంగిపోయి నేలను చూస్తూ నడిచేది. తండ్రి పోయాక పదమూడేళ్ళ సీతారాములు తల్లినీ, ఆమె చంకలోని తమ్ముడు సాయినాథ్‌నీ తీసుకుని పట్నం బస్సెక్కాడు. మలక్‌పేటలో ఒక సాయిబు దగ్గర పదేళ్ళు పని నేర్చుకుని, తర్వాత సొంతంగా షెడ్డు వేసుకున్నాడు. కిష్టమ్మను పెళ్ళి చేసుకున్నాడు. తనకు రాని చదువు తమ్ముడికి చెప్పించాడు. తెలంగాణ లొల్లి మళ్ళీ రాజుకున్న 2009 నాటికి సాయినాథ్ ఉస్మానియాలో ఎం.ఏ. చదువుతున్నాడు.

సీతారాములు రేసుల్లోకి వచ్చింది లచ్చయ్య వల్ల. తుర్కయంజాల్ దాటాక లచ్చయ్యకు తాతల నాటి పొలం ఉంది. అందులో రాళ్ళు పాతి వెంచర్ వేశాడు గానీ ప్లాట్లు కదల్లేదు. జనాన్ని అంత దూరం రప్పించాలంటే ఏదో తమాషా ఉండాలని, వెంచర్ చుట్టూ పోసిన మట్టి రోడ్డు మీద ఏడాదికోసారి కార్ల రేసు పెట్టడం మొదలుపెట్టాడు. నాలుగు మలుపులు, పన్నెండు చుట్లు. పాత మారుతి ఎనిమిది వందల బండ్లు మాత్రమే దిగాలి. బండి కంపెనీ నుంచి ఎట్లా వచ్చిందో అట్లాగే ఉండాలి. వెనక సీటు పీకెయ్యొచ్చు, బోల్తా కొడితే తల పగలకుండా లోపల ఇనుప గొట్టాలతో పంజరం కట్టించుకోవచ్చు. ఇంజను మాత్రం ముట్టుకోకూడదు. దాన్ని కంపెనీ క్లాసు అనేవారు. డబ్బున్నవాడు పెద్ద ఇంజను పెట్టి గెలిచే వీలు లేదు గనుక మెకానిక్కులూ, టాక్సీ డ్రైవర్లూ, ఇద్దరు ముగ్గురు దుకాణదారులూ కలిసి పదిమంది దాకా పోటీపడేవారు.

మొదటి రేసులో సీతారాములు నాలుగోవాడుగా వచ్చాడు. కళ్ళనిండా దుమ్ముతో ఇంటికెళ్ళి, ఆ వారమంతా ఒంటరిగా ఉన్నప్పుడు తనలో తను నవ్వుకున్నాడు. ఏళ్ళ తరబడి ఊళ్ళోవాళ్ళ బండ్లు బాగుచేసి అప్పజెప్పిన మనిషి, తన కోసం తను నడిపిన మొదటి బండి అది.

ఆ రేసు గెలిచింది బాపిరాజు. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో 'గోదావరి ఆటో స్పేర్స్' యజమాని. ఇరవై ఏళ్ళ కిందట భీమవరం పక్క నుంచి వచ్చి స్థిరపడ్డాడు. కింద దుకాణం, పైన కాపురం. భారీ మనిషి, ఆయన కూర్చుంటే మారుతి ఒక పక్కకు ఒరిగేది. అందరూ రాజుగారు అనేవారు, సీతారాములు ఒక్కడే రాజన్న అనేవాడు. షెడ్డుకు కావలసిన ప్రతి సామానూ ఆ దుకాణంలోనే కొనేవాడు. అతను కౌంటరు దగ్గరికి వస్తే, "ఏమోయ్ సీతారాముడూ, ఎవరి బండి కొంప ముంచొచ్చావు?" అంటూ రాజుగారు స్టూలు ముందుకు తోసేవాడు.

ఆ తర్వాతి రెండు రేసుల్లో ఒకటి సీతారాములు గెలిచాడు, ఒకటి రాజుగారు గెలిచాడు. ఇక మిగతావాళ్ళు మూడో స్థానానికే కొట్టుకోవాలని టాక్సీ స్టాండులో అనుకునేవారు.

2008 రేసు రోజున, పొద్దుటి విడత అయిపోయి మధ్యాహ్నం ఫైనల్ ఉందనగా సీతారాములు బండి గేర్ బాక్స్ పోయింది. అతను బానెట్ ఎత్తి చూసి, మళ్ళీ దించేసి, గట్టు మీద కూర్చుని హెల్మెట్ పక్కన పెట్టాడు. రాజుగారు నడుచుకుంటూ వచ్చాడు.

"ఏమైందోయ్?"

"మూడో గేరు పళ్ళు రాలినయ్ అన్నా. అయిపోయింది."

"స్పేరు తెచ్చావా?"

"స్పేరు యాడుంటది? నువ్వు పోయి నీ బండి చూస్కో."

రాజుగారు పోలేదు. వేపచెట్టు కింద ఆపిన తన ఇంటి కారు వైపు చూశాడు. అదీ మారుతే, తెల్లది. అందులో ఆయన భార్య సీతామహాలక్ష్మి పట్టుచీర కట్టుకుని, ఒళ్ళో టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చుని ఉంది. రేసు అయ్యాక కొత్తపేటలో ఏదో పేరంటానికి వెళ్ళాలట.

"దిగు సీతామాలక్ష్మీ," అన్నాడు రాజుగారు.

"ఎందుకండీ?"

"బండితో పనిపడింది."

ఆయన ఏం చేయబోతున్నాడో అర్థమై సీతారాములు లేచి అడ్డం వచ్చాడు. "నాకొద్దన్నా. వదినె ఎట్ల పోతది ఇంటికి?"

"బస్సులో పోతుంది. నువ్వు గట్టు మీద కూర్చుంటే నేనెవరితో పందెం వేయనోయ్, ఆ టాక్సీ వాళ్ళతోనా? మాట్లాడక పెట్టెలోంచి పానాలు తియ్యి."

ఇద్దరూ కలిసి రెండున్నర గంటల్లో ఆ గేర్ బాక్స్ దించి ఈ బండికి ఎక్కించారు. లచ్చయ్య మైకులో జనానికి కబుర్లు చెబుతూ ఫైనల్ అరగంట ఆపాడు. పన్నెండో చుట్టులో, ఆఖరి మలుపు లోపలి అంచు పట్టుకుని, సగం బండి తేడాతో సీతారాములు గెలిచాడు. రాజుగారు రెండోవాడు. ఆయన దిగి వచ్చి సీతారాములు బండి బానెట్ మీద చరిచి, "నా గేర్ బాక్సే నన్ను ఓడించిందిరా," అని పకపకా నవ్వాడు. పేరంటం టైము దాటిపోయింది. సీతామహాలక్ష్మి ఆ పట్టుచీరతోనే సాగర్ రోడ్డు బస్సులో నిలబడి ఇంటికి వెళ్ళింది. మొగుడు తనను బస్సెక్కించి ఎదుటివాణ్ణి గెలిపించాడని ఆర్నెల్లు ఇరుగుపొరుగుకు చెప్పుకుంది. ఆ చెప్పడంలో కోపం కన్నా గొప్పే ఎక్కువ వినిపించేది.

మర్నాడే సీతారాములు ఆ గేర్ బాక్స్ తెల్ల బండికి తిరిగి బిగించి, సర్వీసింగ్ కూడా చేసి ఇంటి ముందు పెట్టొచ్చాడు. అప్పటి నుంచి కిష్టమ్మ వండిన నాటుకోడి కూర దిల్‌సుఖ్‌నగర్‌కూ, సీతామహాలక్ష్మి పెట్టిన రొయ్యల పచ్చడి ఎల్‌బీ నగర్‌కూ ప్రయాణం చేయడం మొదలైంది. మరుసటి ఏడు రాజుగారు గెలిచాడు. ఆ కప్పులో టీ పోసుకుని ఇద్దరూ తాగారు.

ఆ ఏడు డిసెంబరులో రాష్ట్రం ఇస్తున్నామని ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది. రెండు వారాలకే ఆ మాట వెనక్కి పోయింది. ఇక పట్నంలో రోజుకో బంద్, రోజుకో ఊరేగింపు. సీతారాములు అందులో మనస్ఫూర్తిగా ఉన్నాడు. బంద్ అంటే ఎవరూ చెప్పకుండానే షెడ్డు మూసేవాడు. చౌరస్తాలో ధర్నాకు కూర్చునేవాడు. మంచినీళ్ళు రాని ఊళ్ళో నడుము వంగి, నేలను చూస్తూ నడిచి నడిచే చచ్చిపోయిన తల్లిని తలుచుకుంటే అతనికి రాష్ట్రం ఎందుకో వేరే ఎవరూ వివరించాల్సిన అవసరం ఉండేది కాదు.

రాజుగారి దుకాణం బోర్డు మార్చమని కొందరు కుర్రాళ్ళు వచ్చి అడిగారు. "గోదావరి మీ బాసర మీదుగా వచ్చాకే కదయ్యా మా దగ్గరికొచ్చేది," అన్నాడాయన. వాళ్ళు నవ్వేసి వెళ్ళిపోయారు. ఆ సంగతి సీతారాములుకు చెబుతూ, "నీకు రాష్ట్రం వస్తే నాకేం ఇబ్బందోయ్? నన్ను పొమ్మనకపోతే చాలు," అన్నాడు.

"నిన్నెవరు పొమ్మంటరన్నా," అన్నాడు సీతారాములు.

ఫిబ్రవరి మొదటి ఆదివారానికి రేసు ఖాయమైంది. జనవరి చివర్లో పదిమంది యువకులు లచ్చయ్య దగ్గరికి వచ్చారు. ఈసారి దాన్ని తెలంగాణ కప్పు అనాలనీ, ఆంధ్రావాళ్ళ బండ్లు దిగకూడదనీ అన్నారు. వాళ్ళలో సాయినాథ్ ఉన్నాడు. లచ్చయ్య ఎటూ చెప్పలేక డ్రైవర్లందరినీ షెడ్డు పక్క టీ హోటల్‌కు పిలిచాడు. పదిమంది డ్రైవర్లలో ఆంధ్రావాళ్ళు ముగ్గురు, వాళ్ళను పిలవలేదు.

"నేను వ్యాపారం జేసుకునేటోణ్ణి. నాతోని ఏం గాదు," అన్నాడు లచ్చయ్య. "సీతారాములు ఏమంటే గదే."

టాక్సీ డ్రైవర్ ఒకతను గ్లాసు కింద పెట్టి, "అన్నా, రాజుగారు దిగకుంటే నేను గూడ దిగనని నువ్వు ఒక్క మాట అను. అందరం ఆగుతం. రేసే ఉండదు. ఎవ్వనికీ తకరార్ లేదు," అన్నాడు.

సీతారాములు తమ్ముడి వైపు చూశాడు. సాయినాథ్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నినాదాలకు అతని గొంతు బొంగురుపోయి ఉంది.

"నీ దోస్తు మీద నాకేం కోపం లేదన్నా. మంచోడే. గాని మా హాస్టల్ల పొరగాండ్లు పానాలు తీసుకుంటున్నరు. గిట్లున్నప్పుడు ఆళ్ళను పిలిచి, రేసులాడి, కప్పు చేతిల పెడుతమా? నువ్వు ఆయన దిక్కు నిలబడితే నేను క్యాంపస్‌ల మొకం ఎట్ల చూపియ్యాలె?"

అందరూ సీతారాములు నోటి వైపే చూస్తున్నారు. తమ్ముడి మాట నిజమే అనిపించింది. రాజుగారి మొహం కళ్ళ ముందుకు వచ్చింది. ఈ రెంటి కింద మరొకటి కూడా కదిలింది, దాన్ని అతను గుర్తుపట్టాడు. రాజుగారు లేకపోతే కప్పు తనదే. ఆ ఆలోచన వచ్చినందుకు చెవులు వేడెక్కాయి. అయినా అది పోలేదు.

"నేను ఫోన్ చేసి చెప్త," అన్నాడు.

హోటల్ వెనక్కి వెళ్ళి ఫోన్ చేశాడు.

"ఈసారికి రాకన్నా. లొల్లి అయితది. నీ మంచికే చెప్తున్న."

"నువ్వు చెబుతున్నావా, వాళ్ళు చెప్పమన్నారా?"

"నేనే చెప్తున్న."

"నువ్వు దిగుతున్నావా?"

ఆ ప్రశ్న వస్తుందని సీతారాములు అనుకోలేదు. గోడకు ఆనుకుని, "దిగుతున్న," అన్నాడు.

"సరే," అని రాజుగారు ఫోన్ పెట్టేశాడు.

రేసు ముందురోజు శనివారం బంద్. దుకాణాలన్నీ మూతబడ్డాయి. సీతారాములు వెంచర్‌కు వెళ్ళి నాలుగు చుట్లు తిప్పి చూసుకుంటుంటే క్లచ్ కాలిన వాసన వచ్చింది. షెడ్డుకు తెచ్చి విప్పితే ప్లేటు నల్లగా మాడిపోయి ఉంది. షెడ్డులో మరొకటి లేదు. తెలిసినవాళ్ళకు ఫోన్లు చేస్తే రేపు ఆదివారం, ఎల్లుండి చూద్దామన్నారు.

ఆదివారం తెల్లవారగానే అతను చొక్కా తొడుక్కుంటుంటే కిష్టమ్మ చాయ్ పట్టుకుని వచ్చింది. ఎక్కడికని అడగలేదు. ఆమెకు తెలిసిపోయింది.

"ఆయన మొకం ఎట్ల చూస్తవ్?" అంది.

"సామాను కొననీకి పోతున్న. దుకాణం గదా."

"ఇడిసిపెట్టరాదా ఈ ఒక్కపారి?"

అతను చాయ్ తాగకుండానే బండి తీశాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో అప్పుడే పాలవాళ్ళు తిరుగుతున్నారు. దుకాణం షట్టరు వేసి ఉంది. పక్క సందులో రాజుగారి రేసు బండి నిలబడి ఉంది. కొత్తగా ఎర్ర రంగు వేయించాడు. తలుపు మీద ఏడో నంబరు రాయించాడు. పెయింటు అంటకుండా అంచులకు వేసిన కాగితం ఇంకా తీయలేదు. ఫోన్ వచ్చిన రోజునే ఆ పని ఎక్కడిదక్కడ ఆగిపోయి ఉంటుంది. సీతారాములు దాన్ని దాటుకుని మెట్ల కింద నిలబడి పిలిచాడు.

రాజుగారు లుంగీతో, భుజాన తువ్వాలుతో దిగి వచ్చాడు. సీతారాములు చేతిలోని మాడిపోయిన ప్లేటు చూశాడు. ఏమీ అడగకుండా తాళం తీసి, షట్టరు నడుము దాకా ఎత్తి, వంగి లోపలికి వెళ్ళాడు. మూడు అట్టపెట్టెలు తెచ్చి, షట్టరు కింద నుంచి బయటి అరుగు మీద పెట్టాడు.

"ప్లేటొక్కటే మారిస్తే మధ్యలో పట్టేస్తుందండి. ప్రెషర్ ప్లేటూ, బేరింగూ కూడా మార్చేయండి."

సీతారాములు తల ఎత్తాడు. పదిహేనేళ్ళలో ఆ మనిషి తనను 'అండి' అనడం అదే మొదటిసారి.

"ఎంతయితదన్నా?"

"రేసుకేగా. తీసుకెళ్ళండి సీతారాములు గారూ." రాజుగారు షట్టరు కింద నుంచి బయటికి వచ్చి, తాళం వేస్తూ, అటు తిరిగే అన్నాడు: "మూడో మలుపు దగ్గర పల్లం ఉంది. దుమ్ము అణచడానికి ట్యాంకరుతో తడిపితే నీళ్ళు అక్కడే నిలుస్తాయి. లోపలి నుంచి రావద్దు. పోయిన నెల నడిచి చూసొచ్చాను."

సీతారాములు పెట్టెలు చేతుల్లోకి తీసుకున్నాడు. రాజుగారు అప్పటికే మెట్లెక్కుతున్నాడు. పైన సీతామహాలక్ష్మి ఎవరండీ అని అడగడం, ఎవరో గిరాకీ అని ఆయన జవాబు చెప్పడం వినపడింది.

తొమ్మిదిన్నరకు క్లచ్ బిగించడం అయింది. పదకొండుకు రేసు. జెండాలు, డప్పులు, ఎన్నడూ లేనంత జనం. బండ్లు ఏడే. రెండో చుట్టులోనే ఇద్దరు మూడో మలుపు లోపలి నుంచి వచ్చి బురదలో జారి గట్టు మీదికి పోయి ఆగిపోయారు. ఐదో చుట్టులో మరొకడు. సీతారాములు ప్రతిసారీ బయటి అంచు నుంచే తిరిగాడు. వెనక అద్దంలో చూస్తే దుమ్ము తప్ప ఎవరూ కనపడలేదు. ఇన్నేళ్ళూ ఆ అద్దం నిండా ఒక బండి ముక్కు ఉండేది. ఆఖరి నాలుగు చుట్లూ షెడ్డు నుంచి ఇంటికి వెళ్తున్నట్టు నడిపాడు.

అతణ్ణి భుజాల మీదికి ఎత్తుకున్నారు. సాయినాథ్ దండ వేసి, కళ్ళనీళ్ళతో అన్నను కావలించుకున్నాడు. లచ్చయ్య మైకులో తెలంగాణ బిడ్డ అన్నాడు, చప్పట్లు మారుమోగాయి. సీతారాములు కప్పు ఎత్తి చూపించాడు. చూపించమన్నారు గనుక చూపించాడు. ఇంటికి వచ్చాక కిష్టమ్మ ఆ కప్పు అందుకుని, ఎక్కడ పెట్టాలని కూడా అడగకుండా బట్టల బీరువా మీద పెట్టింది.

ఆ తర్వాత రేసులు లేవు. మరుసటి ఏడు సమ్మెలతో గడిచింది. ఆ పైన లచ్చయ్య ప్లాట్లకు ధర వచ్చింది. ట్రాకు మీద ఇళ్ళు లేచాయి. రాజుగారు ఎర్ర బండిని తుక్కువాడికి ఇచ్చేశాడని ఎవరో చెప్పారు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు సీతారాములు షెడ్డు సగం పోయింది. మిగిలిన సగంలో కారు పట్టదు గనుక అల్మాస్‌గూడలో కిరాయికి కొత్త షెడ్డు తీసుకున్నాడు.

సామాన్ల కోసం మాత్రం ఆ దుకాణానికే వెళ్ళేవాడు. "రండి సీతారాములు గారూ," అనేవాడు రాజుగారు. స్టూలు చూపించేవాడు. టీ తెప్పించేవాడు. అడిగినదాని కన్నా మంచి సరుకు వెతికి ఇచ్చేవాడు. అన్నీ ఇచ్చేవాడు గానీ, ఆ పాత నవ్వు మాత్రం ఒక్కసారి కూడా ఇవ్వలేదు. తిట్టినా బాగుండేదని సీతారాములు చాలాసార్లు అనుకున్నాడు. ఆ మర్యాద ముందు కూర్చోవడం రోజురోజుకూ కష్టమైంది. ఈయన కావాలనే చేస్తున్నాడని ఒక్కోసారి ఒళ్ళు మండేది కూడా.

2014 జూన్‌లో రాష్ట్రం వచ్చింది. సీతారాములు ఆ రోజు తల్లి ఫొటోకు దండ వేశాడు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో తెలిసినవాళ్ళకూ తెలియనివాళ్ళకూ మిఠాయి పంచాడు. ఇంకో పెట్టె తీసుకుని దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాడు. రాజుగారు ఒక లడ్డు తీసుకుని అక్కడే తిన్నాడు.

"మంచిదండి. ఇన్నాళ్ళకు సాధించుకున్నారు," అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు.

సీతారాములు పెట్టె కౌంటరు మీద పెట్టి, చాలాకాలంగా లోపల తిప్పుకుంటున్న మాట బయటపెట్టాడు. "గా రేసు సంగతి మనసుల పెట్టుకున్నవా అన్నా?"

రాజుగారు తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "ఆ కుర్రాళ్ళు రావద్దన్నారు. వాళ్ళ మంట వాళ్ళది. దానికి నాకేం లేదండి."

"మరింక?"

"మీరు దిగారు," అన్నాడు రాజుగారు. "నా బండి ఆగితే మీదీ ఆగుతుందనుకున్నాను. అంతేనండి."

అప్పుడే ఎవరో హారన్ రిలే కావాలంటూ వచ్చారు. రాజుగారు అటు తిరిగి, అరలో వెతకడం మొదలుపెట్టాడు. సీతారాములు కాసేపు నిలబడి చూశాడు. ఆ గిరాకీ వెళ్ళాక మరో గిరాకీ వచ్చాడు.

ఆ తర్వాత అతను ఆ దుకాణం మెట్లెక్కలేదు. రాష్ట్రం వచ్చినా ఇళ్ళ సంగతులు ఇళ్ళలో ఉన్నట్టే ఉన్నాయి. సాయినాథ్ ఉద్యోగాల నోటిఫికేషన్ల కోసం చూస్తూ, దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక కోచింగ్ సెంటర్లో గంటల లెక్కన పాఠాలు చెబుతున్నాడు. ఆ రేసు మాట అతను మళ్ళీ ఎత్తలేదు. బహుశా మర్చిపోయి ఉంటాడు.

బేరింగ్ కావాలన్నా, బెల్టు కావాలన్నా సీతారాములు ఇప్పుడు రెండు బస్సులు మారి రాణిగంజ్ వెళ్తాడు. పొద్దున పోతే మధ్యాహ్నం దాటాకే రావడం. ఒకరోజు ఎండలో తిరిగి వచ్చి గోడకు చేరగిలబడితే కిష్టమ్మ అడిగింది.

"గంత దూరం ఎందుకు పోతున్నవ్? దిల్‌సుఖ్‌నగర్‌ల దొరకదా?"

"ఆడ సస్తగ ఇస్తరు," అన్నాడు సీతారాములు.

అక్కడ ధర తక్కువేం కాదని ఆమెకు తెలుసు. మంచినీళ్ళ చెంబు అతని పక్కన పెట్టి, అన్నం పెట్టడానికి లోపలికి వెళ్ళింది.